వీధిపోటుకు అడ్డం కట్టిన గోడ

కరీంనగర్‌లో వేములవాడ రోడ్డు పక్కనున్న మా కాలనీ నక్షా గీసింది నేనే. ప్లాట్లు పడకముందు అవి పత్తి చేలు. వెనక నేతవాళ్ల వాడ. వాళ్లు చేల మధ్య బండిబాటలో నడిచి వచ్చి బస్సెక్కేవాళ్లు.

బాటను అలాగే ఉంచితే అది సూటిగా వచ్చి ఒక ప్లాటును తాకుతుంది. వీధిపోటున్న ప్లాటును మా దిక్కు ఎవరూ కొనరు. దాన్ని నేనే తీసుకుని ఇల్లు కట్టాను. నాకూ భయమే. బాట నోటికి అడ్డంగా ఇంకో ప్లాటు గీసి, అదీ నా పేరునే రాయించుకుని, గోడ లేపాను.

వాడ మనుషుల సంగతి తోచలేదని రాస్తే అబద్ధం. తోచింది. చుట్టూ తిరిగి పోతారులే అనుకున్నాను.

తర్వాత అటూ ఇటూ కాలనీలు లేచాయి. వాటికీ గోడలే. ఐదు నిమిషాల నడక ముప్పావు గంటయింది.

మొన్న వానల్లో, ఆ వాడ నుంచి మరమగ్గాల షెడ్డుకు పనికి పోయే ఒకామె మా గేటు ముందు నిలబడింది. మోకాళ్ల దాకా బురద.

"అన్నా, గీ గోడకు జర సందియ్యరాదే. ఆలస్యమైతే నా సాంచ మగ్గం ఇంకొకరికిస్తనంటుండు సేటు."

"నక్షాల బాట లేదమ్మా."

ఆమె నవ్వింది. "నక్షా గీసిందెవరే? దేవుడా?"

లోపలికి పోయాను. మూడో రోజు గడ్డపార పట్టుకుని నేనే గోడను ఆరడుగుల మేర కూల్చాను. కాలనీ పెద్దలు ఉరికొచ్చారు.

"సార్, పరాయోళ్లు జొరబడ్తరు. పోటు సీదా మీ ఇంటికే!"

"పొడవనియ్యుండ్రి. బాట వాళ్లది. దొంగతనం చేసింది నేను."

తెల్లారేసరికి సందులో ముళ్లకంప వేశారు. తీసేశాను. మళ్లీ వేశారు. మళ్లీ తీశాను. ఎన్నిసార్లైనా తీస్తాను. కేసు పెడతామన్నారు. పెట్టుకోండి. చేల నాటి పాత కొలతల కాగితం నా దగ్గరే ఉంది. బాటను ఎవరు మింగారని అడిగితే నా పేరే చెప్తాను. పక్క కాలనీల్లో మూసిన బాటలూ చూపిస్తాను.

ఇవాళ పొద్దున ఆమె సద్ది పట్టుకుని ఆ సందులోంచి వచ్చింది. సీదా మా గుమ్మం వైపే.

"ఏమే అన్నా, నక్షాల బాట మొలిచిందా?" అని బస్సుకు ఉరికింది.

తలుపు తీసే ఉంచాను.