ఒసాకా గుంటపునుగులు

మా ఆయనకు జపాన్ పిచ్చి. పెళ్లికి ముందు ఆఫీసు పని మీద కొన్నాళ్లు ఒసాకాలో ఉండి వచ్చారు. ఆ మైకం మళ్లీ దిగలేదు. "నిన్ను ఊరూరా తిప్పుతా. ఏ ఊరెళ్తే ఆ ఊరి తిండే తినాలి. పులిహోర మూట కట్టావంటే ఊరుకోను" అనేవారు. తీరా బయల్దేరదామంటే, దేశం దాటితే వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుంటామని భయం. "గ్రీన్‌కార్డ్ రానీ" అంటూనే ఏళ్లు గడిపేశారు.

ఈలోపు అమెరికాలో మేముండే జెర్సీ సిటీ నుంచి హడ్సన్ నది ఒడ్డునే కాస్త పైకి డ్రైవ్ చేస్తే ఒక జపనీస్ సూపర్‌మార్కెట్ ఉందని కనిపెట్టారు. అక్కడ అప్పుడప్పుడూ ఒక్కో ప్రాంతం పేరిట తిండి పండగ పెడతారు. ఇక చూడండి, శనివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కెమెరా మెళ్లో తగిలించుకుని, "పద, ఇవాళ హొక్కైడో" అని తయారు. సరుకుల కొట్టుకి కెమెరా ఏమిటండీ బాబూ! గోడ మీది మంచుకొండ పోస్టర్ ముందు నన్ను నూడుల్స్ గిన్నెతో నిలబెట్టి ఫొటో తీసేవారు. సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

గుంటూరు నాలుకకి ఆ తిండంతా వేణ్ణీళ్లతో సమానం. నేను సణుగుతుంటే ఆయన కళ్లు మూసుకుని, "ముందు సముద్రం తగుల్తుంది, తర్వాత పొగ, ఆఖర్న తీపి. కారం అడ్డం లేకపోతే నీకూ తెలుస్తుందే" అనేవారు. నాకేదీ తగిలేది కాదు. ఒక్క ఒసాకా పండగలో వేసే ఉండలు మాత్రం నచ్చాయి. అచ్చం మన గుంటపునుగుల పెనమే, పుల్లతో తిప్పడమూ అంతే. లోపల ఆక్టోపస్ ముక్క ఉంటుంది. అది తీసి ఆయన ప్లేట్లో పడేసి పిండి తినేదాన్ని. "పప్పు నాకిచ్చి పొట్టు తింటున్నావే" అని నవ్వేవారు.

గ్రీన్‌కార్డ్ వచ్చింది. టికెట్లు చూస్తుండగానే ఆయన గొంతులో గడ్డ బయటపడింది. రేడియేషన్‌కి గడ్డ లొంగలేదు గానీ నాలుక చచ్చిపోయింది. ఈ మనిషి దగ్గర తీసుకోవడానికి దేవుడికి ఇంకేమీ దొరకలేదా? వంటింట్లో గిన్నెలు విసిరికొట్టాను. చివరికి డాక్టర్లు చేతులెత్తేశారు.

మళ్లీ ఒసాకా పండగ వచ్చింది. "వెళ్దామే" అన్నారు. ఇస్త్రీ చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. ఆవకాయకి లేవని నాలుక ఉంటుందా అని నా పిచ్చి నమ్మకం. హ్యాండ్‌బ్యాగ్‌లో చిన్న డబ్బా దాచి తెచ్చాను. బల్ల దగ్గర కూర్చున్నాక మూత తీశాను. ఆయన వేలి చివర ఊట అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ప్రాణం లేచొచ్చింది.

"తెలిసిందా అండీ?"

"మండుతోందే. రుచి మాత్రం లేదు."

నేను డబ్బా మూసేశాను. ఆయన ఉండల ప్లేటు నా వైపు జరిపారు. "నువ్వు తిను. ఈసారి ముక్క తియ్యకు. ఎలా ఉందో నాకు చెప్పు."

ముక్కతో సహా నోట్లో పెట్టుకున్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు.

"సముద్రం తగుల్తోందండీ" అన్నాను.

"తర్వాత?"

"పొగ."

"ఊఁ, తర్వాత?"

తీపి అని చెప్పాలి. ఆ ఒక్క మాటే మిగిలింది. ఆయన కళ్లు మూసుకుని ఎదురుచూస్తూనే ఉన్నారు.