బీజాపూర్ నంబరు కారు

మంగాదేవికి మోకాళ్ళు పోయాయి గానీ ఉద్యోగం పోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆమె నర్సు. ఇల్లు భోపాల్‌పట్నంలో, పని అడవి లోపలి ముర్రెపాల్ అనే ఊళ్ళో. మద్దేడ్ దాకా నల్ల రోడ్డు, అది దాటి మలుపు తిరిగితే ఎర్ర రోడ్డు, ఆ పైన రోడ్డని మనసులో అనుకుంటూ పోవాల్సిన దారి. పోనూ రానూ వంద కిలోమీటర్లకు పైమాటే. ఇన్నేళ్ళూ స్కూటీ మీదే తిరిగింది. చివరికి ఆస్పత్రి డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఇంకొక్క వానాకాలం ఆ బండి మీద తిరిగితే తర్వాత మంచం మీద తిరగడమే మిగులుతుందని చెప్పేశాడు.

హాయిగా మానేసి భర్త కిరాణా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోవచ్చు కదా అని తోడికోడళ్ళు సలహా ఇచ్చారు. సలహాకు ఖర్చేముంది. ముర్రెపాల్ సంగతి వాళ్ళకేం తెలుసు? మొదట్లో ఆమె టీకాల డబ్బా భుజాన వేసుకుని వస్తోందంటే చాలు, ఊరు ఊరంతా అడవిలోకి పరుగు. వాకిళ్ళలో కోళ్ళు మాత్రం మిగిలేవి. ఆమె ఆ ఖాళీ వాకిట్లోనే సాయంత్రం దాకా కూర్చుని, తెచ్చుకున్న సద్ది తిని, తిరిగొచ్చేది. మళ్ళీ వారం మళ్ళీ వెళ్ళేది. అలా ఎన్ని వారాలకో కోసే అనే ఆవిడ అడవిలోంచి బయటికొచ్చి, చంకలోంచి మనవడిని దించి, "పొడువు" అని చెయ్యి చాపించింది. కోసే చేసిందని మరొకరు, మరొకరిని చూసి ఇంకొకరు. ఇప్పుడు వాగు దగ్గర స్కూటీ చప్పుడు వినబడితే పిల్లలు "సూదిబాయి, సూదిబాయి" అంటూ ఎదురొస్తారు. నెలనెలా బ్యాంకులో పడేది జీతం. సంపాదన మాత్రం అదే, ఆ ఎదురు రావడం. దాన్ని వదులుకోమంటే ఆమె ప్రాణం ఒప్పలేదు.

కాబట్టి కారు కొనాలన్నారు. పాతది, చవకది, పెట్రోలు తక్కువ తాగేది.

భర్త శేషగిరిరావు చింతపండు తూచేటప్పుడు గింజలకు వేరే లెక్క చూసే మనిషి. ఆయనకు కారంటే మైలేజీ ఒక్కటే. రంగూ రూపూ ఆయనకు పట్టవు. మలుపు దాటాక పెట్రోలు బంకు లేదు, సీసాల్లో అమ్మే పెట్రోల్లో కిరసనాయిలు ఎంతో అమ్మేవాడికే తెలియదు, కనుక భోపాల్‌పట్నంలో పోయించుకున్న పెట్రోలే బండిని మళ్ళీ భోపాల్‌పట్నం చేర్చాలని ఆయన సిద్ధాంతం. ఆ మాట కాదనడానికి లేదు.

మంగాదేవి భయం వేరు. ఆ దారిలో బండిని బట్టి మనిషిని లెక్కగడతారు. తెల్ల బొలెరో వస్తే ఆఫీసరో పోలీసో అనుకుంటారు. కొత్త పెద్ద బండి వస్తే ఠేకేదార్, అదే కాంట్రాక్టరు, అనుకుంటారు. ఆ రెండూ వద్దని ఆమె ముందే చెప్పేసింది. చిన్నది కావాలి, పాతదని చూడగానే తెలియాలి, ఎవరికీ భయం పుట్టించకూడదు.

చివరికి రెండు కార్లు మిగిలాయి. ఒకటి వంతెన అవతల తెలంగాణ నుంచి వచ్చింది, అక్కడి నంబరుతో. బూడిద రంగు, శుభ్రంగా ఉంది. రెండోది ఇటుక రంగు ఆల్టో, వాళ్ళ జిల్లా బీజాపూర్ నంబరు, వెనక చూసుకునే ఎడమ అద్దాన్ని నీలం వైరుతో కట్టేశారు. రెండింటినీ మద్దేడ్ మెకానిక్ బుధ్రాం పరీక్ష చేశాడు. కాళ్ళ కింది పట్టాలు ఎత్తి, వరదలో మునిగిన బండేమోనని ఒండ్రు వాసన చూశాడు. ఇంజను మీద మూత తీసి అరచెయ్యి పెట్టాడు. ట్యాంకు నిండా పోయించి భోపాల్‌పట్నం వెళ్ళొచ్చి, మళ్ళీ నిండా పోయించి, ఎంత తాగిందో కొలిచాడు. మైలేజీలో ఇటుక రంగుదే పైచేయి. శేషగిరిరావు ముఖం వెలిగిపోయింది.

అయినా మంగాదేవి మనసు ఊగుతూనే ఉంది. దారిలో పోలీసు క్యాంపులున్నాయి, ప్రతిచోటా ఆపుతారు. పరాయి నంబరు కనబడితే దించి, డబ్బా విప్పించి, ఎక్కడిదానివి, ఎవరి కోసం, మందులెవరికి అని గంటలు గంటలు అడుగుతారు. టీకాలు ఎండకు పాడైపోతాయి. లోకల్ నంబరైతే ఆ బాధ లేదు కదా. తేల్చి చెప్పింది ఆవిడే.

"ఊరి బండి ఊరి బండే. బీజాపూర్‌దే తీసుకుందామండి."

తీసుకునే ముందు బుధ్రాం ఒక్క మాటన్నాడు. వెనక తలుపులు రెండూ లోపలి నుంచి తెరుచుకోవు, చైల్డ్ లాక్ వేసి ఉంది, తీసెయ్యమంటావా దీదీ అని. మంగాదేవి నవ్వింది. పిల్లలున్న ఇంట్లో తిరిగిన బండన్నమాట, మంచి శకునమే, ఉండనీయమంది.

మొదటి రోజు ఆమె నడిపిన తీరు చూస్తే ఎడ్లబండి నయమనిపిస్తుంది. క్యాంపు దగ్గర జవాను నంబరు ప్లేటు చూసి ఊరికే చెయ్యూపాడు. అంతే, ఆపలేదు. తన తెలివికి తనే మురిసిపోయింది పాపం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత వాగు దాటాక గానీ ఆమెకు అనుభవంలోకి రాలేదు.

వాగు దాటింది. పిల్లలు ఎదురు రాలేదు.

మొదటి ఇంటి ముందు వడ్లు దంచుతున్న ఆడవాళ్ళు కారును చూశారు. ఒక్క క్షణం చూశారు, అంతే. రోకళ్ళు ఎక్కడివక్కడ పడేసి, పిల్లల్ని చంకనేసుకుని ఇంటి వెనక్కి, అక్కడి నుంచి అడవిలోకి పోయారు. అరుపు లేదు, మాట లేదు. పొయ్యి మీద జావ పొంగుతూనే ఉంది. పాత రోజులు మళ్ళీ వచ్చినట్టు వాకిళ్ళలో కోళ్ళు మిగిలాయి.

ఒక్కరు మాత్రం ఎదురుగా పరుగెత్తుకొచ్చారు. కోసే. చెప్పులు లేవు, జుట్టు విడిపోయింది. ఆవిడ మంగాదేవి వంక చూడనే లేదు. తిన్నగా కారు వెనక్కి వెళ్ళి, కిటికీ అద్దానికి రెండు చేతులూ ఆనించి, మొహం ఆనించి లోపలికి చూసింది. వెనక సీట్లో టీకాల డబ్బా ఉంది, గొడుగు ఉంది. ఆవిడ అటువైపు వెళ్ళి ఆ అద్దంలోంచి కూడా చూసింది. ఆ తర్వాతే తలెత్తి మంగాదేవిని చూసింది.

"ఈ బండి నీకేడిది?"

కొన్నానంది మంగాదేవి. ఎవరి దగ్గరని అడిగింది కోసే. బీజాపూర్‌లో, ఎవరో అమ్మితే కొన్నామని చెప్పింది. చెబుతుంటే ఆ మాట తన చెవికే అబద్ధంలా వినబడింది.

కోసే కొడుకు లక్మా మిరప కోతలకు తెలంగాణ పోయాడనే ఊరంతా ఇన్నాళ్ళూ మంగాదేవికి చెప్పింది. కోతలకు కాదు. ఎండాకాలంలో ఒక పొద్దున ఈ ఇటుక రంగు కారు, నీలం వైరు కట్టిన ఈ అద్దంతోనే, వాగు దాటి వచ్చింది. లక్మాను వెనక కూర్చోబెట్టుకుని పోయింది. వచ్చిందెవరో ఎవరూ చెప్పరు. నిజంగా తెలియదో, తెలిసినా నోటితో అనకూడదో. లక్మా మళ్ళీ రాలేదు. కోసే ఇదంతా నేల చూస్తూ చెప్పి, వెనుదిరిగి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఒక్క బిడ్డకూ టీకా పడలేదు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి మంగాదేవికి అన్నం సయించలేదు. ఊరు భయపడి పారిపోతే మళ్ళీ కూర్చుని, మళ్ళీ ఓపిక పట్టి తెచ్చుకోవచ్చు. ఇది ఆ భయం కాదు. లక్మాను తీసుకుపోయినవాళ్ళ బండి సూదిబాయి చేతికి ఎలా వచ్చింది, ఈమె కూడా వాళ్ళ మనిషేనా అని ఊరు అనుకుంటోంది. అలా అనుకోవడంలో తప్పూ లేదు. మధ్య మధ్యలో, బండిని అమ్మినవాళ్ళకు తను రోజూ ఎటు పోతోందో తెలిసే ఉంటుందన్న ఆలోచన కూడా వచ్చి వెన్నులో చలి పుట్టించేది.

ఇది ఎవరి బండో తెలుసా అని బుధ్రాంను అడిగింది. అతను బానెట్ కింద పెట్టిన తల బయటికి తియ్యలేదు.

"బండిని చూడమన్నరు దీదీ, చూసిన. బండి మంచిదే."

శేషగిరిరావు రంగు వేయించేద్దామన్నాడు. రంగు మారిస్తే ఊరు మరిచిపోతుందా, దాచిపెట్టిందని ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది. పోనీ అమ్మేద్దామంటే, ఇంకొకరి వాకిట్లోకి ఈ భయాన్ని తోలడానికి ఆమెకు చేతులు రాలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి కారును వాగు ఇవతలే పొదల చాటున ఆపి, డబ్బా మోసుకుంటూ, ఏ మోకాళ్ళ కోసం కారు కొన్నదో ఆ మోకాళ్ళ మీదే ఊళ్ళోకి నడవడం మొదలుపెట్టింది. వెళితే ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. పిల్లల్ని చేతికివ్వకుండా తమ ఒళ్ళోనే పట్టుకుని టీకా వేయించుకునేవారు. మాట్లాడేవారు కారు.

కోసే కూతురు గంగా పురిటికి పుట్టింటికి వచ్చింది. తొలి కాన్పు. ఒక గురువారం మంగాదేవి వెళ్ళేసరికి ఆ పిల్ల గోడకు చేరగిలబడి ఉంది. పాదాలు ఉబ్బాయి, ముఖం ఉబ్బింది. తల పగిలిపోతోందని, కళ్ళ ముందు మసక మసకగా ఉందని చెప్పింది. మంగాదేవి పట్టీ కట్టి బీపీ చూస్తే ఉండకూడనంత ఎక్కువ ఉంది. మళ్ళీ చూసింది. తగ్గలేదు. ఫిట్స్ వచ్చిందంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. ఉన్న ఒక్క మందూ వేసింది. అంబులెన్సుకు ఫోను చేద్దామంటే టవరు లేదు. గుట్టెక్కి చేసినా అది వాగు దాకా వచ్చేసరికి పొద్దు గుంకుతుంది.

ఉన్నది ఒక్కటే బండి.

వాగు ఇవతలికి పరుగెత్తింది. మోకాళ్ళు ఏమయ్యాయో ఆమెకే తెలియలేదు. కారును వాకిట్లోకి తెచ్చి ఆపింది. మగవాళ్ళు గుమిగూడారు గానీ ఒక్కరూ ముందుకు రాలేదు. గంగా మసక కళ్ళతోనే ఆ రంగును పోల్చుకుంది. ఎక్కనంది. చచ్చినా ఇక్కడే చస్తాను, అన్న పోయిన బండి ఎక్కనని గుంజను రెండు చేతులా పట్టుకుంది. మంగాదేవి ఏమని బతిమాలుతుంది? నన్ను నమ్మమని అడిగే హక్కు ఆ కారుతో పాటే పోయింది కదా.

కోసే నడిచొచ్చి వెనక తలుపు దగ్గర నిలబడింది.

"ఏ పక్క కూసోబెట్టిండ్రో" అంది. మంగాదేవిని కాదు, ఎవరినీ కాదు. తనే తలుపు తీసి, ఎడమ పక్కకు ఎక్కి కూర్చుంది. సీటు మీద అరచేత్తో నిమిరింది. ఆ తర్వాత కూతురి వైపు చెయ్యి చాపి, "రా బిడ్డా, నేనున్న" అంది.

అప్పుడు కదిలారు మగవాళ్ళు. గంగాను మోసి తల్లి ఒళ్ళో పడుకోబెట్టారు.

దారంతా మంగాదేవి అద్దంలో వాళ్ళనే చూస్తూ నడిపింది. గుంత వచ్చినప్పుడల్లా గంగా మూలిగేది, ఆ మూలుగు ఆగితే ఇంకా భయం వేసేది. ఎర్ర రోడ్డు ఎప్పటికీ తరగదనిపించింది. క్యాంపు దగ్గర జవాను ఎప్పటిలాగే నంబరు చూసి చెయ్యూపాడు. ఎండాకాలంలో ఆ పొద్దున కూడా ఈ నంబరును ఎవరూ ఆపి ఉండరు.

బీజాపూర్ ఆస్పత్రి ముందు ఆపగానే మంగాదేవి దిగి స్ట్రెచర్ కోసం లోపలికి పరుగెత్తింది. మనుషుల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి వెనక సీట్లో కోసే పిడిని లాగుతోంది. లాగుతోంది, భుజంతో తోస్తోంది, మళ్ళీ లాగుతోంది. తలుపు రావడం లేదు. పిల్లలున్న ఇంటి బండని తను నవ్వుకున్న రోజు గుర్తొచ్చి మంగాదేవికి సిగ్గేసింది. గబగబా వచ్చి బయటి నుంచి తలుపు తీసింది.

గంగాను లోపలికి తీసుకుపోయారు. కోసే అక్కడే నిలబడి తలుపు వంక చూసింది.

"నాకు నువ్వు తీసినవ్ బాయీ," అంది. "లక్మాకు ఎవరు తీసిండ్రో."

మంగాదేవి ఏడ్చింది. ఆస్పత్రి ముందు అందరూ చూస్తుండగానే, ఆపుకోలేక ఏడ్చింది. కోసే ఏడవలేదు. కూతురి వెనక లోపలికి వెళ్ళింది. మంగాదేవి తాళంచెవి తీసి, తలుపు అంచున ఉన్న ఆ చిన్న మీటను తిప్పింది. అటుపక్కదీ తిప్పింది. రెండు తలుపులూ లోపలి నుంచి తీసి వేసి, తీసి వేసి చూసుకుంది.

ఆడపిల్ల పుట్టింది. గంగా బతికింది. ఆస్పత్రివాళ్ళు పంపించిన రోజున మంగాదేవే వాళ్ళను ఇంటికి తీసుకెళ్ళింది. వాగు దగ్గర ఆగింది. ఇక్కడే దిగి నడుద్దామా అని అడిగింది. కోసే పొమ్మన్నట్టు ముందుకు చెయ్యి చూపింది.

కారు చప్పుడుకే ఊరు మళ్ళీ ఖాళీ. రోకళ్ళు నేల మీద ఉన్నాయి.

కోసే వెనక తలుపును లోపలి నుంచి తనే తీసుకుని దిగింది. మనవరాలిని గుండెకు హత్తుకుని, వంగి, ఇంకొక్కసారి సీటు వంక చూసింది. అప్పుడు అడవి వైపు తిరిగి, గొంతెత్తి కేకేసింది.

"సూదిబాయి వచ్చింది. బండిల లక్మా లేడు, వాణ్ణి తీస్కపోయినోళ్ళు లేరు. నేను చూసిన. ఇగ మీరు రాండ్రి."

చాలాసేపటికి చెట్ల లోంచి ఒకావిడ చంటిబిడ్డతో వచ్చి, కారుకు దూరంగా నిలబడింది. మంగాదేవి డబ్బా తీసుకుని ఆమె దగ్గరికి నడిచింది.