గంప కిందికి రాని పుంజు

మొన్న వాడపల్లిలో కృష్ణ ఒడ్డున మా మనవడు దుర్భిణి కళ్లకు ఆనించుకుని, నీళ్ల మీద తిరిగే తెల్లపిట్టల్లో ఒకదాన్ని చూసి చూసి తల పట్టుకున్నాడు. ముక్కు ఒక జాతిదట, రెక్క చివర ఇంకో జాతిదట. "ఒక్క గుర్తు వట్టుకొని చెప్పలేం నానమ్మా. రెండు జాతులు కలిసింది కావచ్చు. తెల్వది" అన్నాడు. తెల్వది అనే మగవాణ్ణి మా ఇంట్లో చూడడం అదే మొదలు.

మా బావ, అంటే నా పెనిమిటి అన్న, ఒక్క గుర్తు చూసి అన్నీ తేల్చేసేవాడు. నేను సరిహద్దున ఉన్న కోదాడ పక్కనుంచి పాలకీడుకు కోడలిగా వచ్చింది నిజాం రాజ్యం ఆఖరి రోజుల్లో. ఎవడు ఎటువైపో తెలియక మనిషిని చూసి మనిషి జడిసే కాలం. నాకప్పుడు అక్షరం ముక్క రాదు. అవి చాలా ఏళ్లకు నా పిల్లల పలకల మీద దిద్దుకున్నవి. మాట వచ్చుగానీ, "గీ పిల్ల మాట అటుదో ఇటుదో సమజే కాదు" అని అత్త ఎత్తిపొడిచేది. బావ ఎదుట కోడలు నోరు విప్పగూడదు గనక నా మాట కూడా తలుపు వెనకే.

పుట్టింటివాళ్లు నాతో ఒక కోడిపెట్టను పంపారు. అది గుట్ట పక్క పొదల్లో మేసి మేసి, ఒక విడతలో తేడా పుంజునొకదాన్ని పొదిగింది. దాని మెడ ఈకల మీద మైనం చుక్కలద్దినట్టు పసుపు మచ్చలు. కూత మధ్యలో తెగిపోయేది.

"అడివి పుంజుకు పుట్టిందే అమ్మా ఇది, సూస్తలేవా?" అన్నాడు బావ. "పెట్ట గట్లుంటే తెచ్చినామె ఎట్లుంటది? రేపు పొద్దుగూకంగ సూద్దాం. గంప కిందికొస్తే ఇంటిది, చెట్టెక్కితే అడివిది. అడివిదైతే పెట్టను, తెచ్చిన పిల్లను ఇద్దర్నీ కోదాడకు తోలుడే."

అత్త తలూపింది. నా పెనిమిటి గొర్రెల్ని దొడ్లోకి తోలుకుంటూ విననట్టే ఉన్నాడు. వాటికున్నంత నోరు కూడా ఆయనకు లేదు.

మరునాడు వాకిట్లో గంప బోర్లించి, ఒక అంచు రాయి మీదికెత్తి పెట్టారు. ఇరుగుపొరుగు గోడల మీద తలలు. పెట్టలన్నీ దూరాయి. నా పుంజు మెడ సాచి గంపను చూసింది, బావను చూసింది, ఎగిరి వేపకొమ్మెక్కింది. బావ చెయ్యి మీసం మీదికి పోతుండగానే ఆయన సొంత పుంజు, తాతల నాటి జాతని ఊరంతా చెప్పుకునేది, వెనకే ఎగిరి దాని పక్కన కూర్చుంది.

"ఓ కొడుకా, మరి నీదాన్నేడికి తోలుతవురా?" అంది గోడవతలి ముసలమ్మ. వాడకట్టంతా నవ్వింది.

ఆ నవ్వులకు శిక్ష నా పుంజుకు పడింది, మర్నాటికి కూరైంది. ఆయనది కాలేదు. నన్ను తోలే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, తప్పయిందనీ అనలేదు. బావ ఎముక చీకుతుంటే తలుపు దాటి ఎదురుగా నిలబడి అడిగాను.

"బావా, రుచి ఇంటిదా, అడివిదా?"

అత్త చేతిలో చెంబు గాల్లోనే ఆగింది. ఆయన ముద్ద మింగి, "కారమెక్కువైంది" అన్నాడు. పోయేదాకా మళ్లీ నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు.

తెల్వది అనే మాట మా ఇంటికి వచ్చేసరికి, దాన్ని అనాల్సినవాడు మట్టిలో కలిసి ఎన్నేళ్లయిందో. వినాల్సినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.