ముందే చెప్పిన సాక్ష్యం

మా ఆడపడుచు యూనీస్ నాంపల్లిలో ఒక టైపింగ్ సెంటర్‌లో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. భర్త పోయాక మాతోనే ఉంటోంది. ఆమెకు మాటలు తక్కువ. ఆ లోటు నేను తీరుస్తుంటాను. ఈసారి నా నోరే మా కొంప ముంచింది.

వేసవిలో ఆమె రొమ్ములో గడ్డ కనిపించింది. డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. రిపోర్టు వారం తర్వాత ఆబిడ్స్‌లోని ల్యాబ్‌లో తీసుకోమంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా చర్చిలో ప్రతి ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. దేవుడివల్ల మేలు పొందినవాళ్లు లేచి ఆ సంగతి చెబుతారు. మేలు జరగకముందే జరిగిందని నమ్మి చెబితే దేవుడు కాదనడని మా స్త్రీల కూటంలో ఒక మాట నడుస్తోంది. దాన్ని నడిపించిందీ నేనే. యూనీస్ వద్దంటున్నా భుజం పట్టి లేపాను. గడ్డ కరిగిపోయిందని ఆమె గొణిగింది. చర్చంతా చప్పట్లు. అవి ఆగకముందే ఆమె తల వంచుకుని కూర్చుండిపోయింది.

ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. తల దువ్వుకుంటున్నా చేయి గడ్డ మీదికే పోయేది. రిపోర్టు సిద్ధమని మెసేజ్ వస్తే ఫోను బోర్లా పెట్టేసింది. కోఠిలో పనిబడినా ఆబిడ్స్ మీదుగా పోయే బస్సెక్కడం మానేసింది. జబ్బుందేమోనని ఒక భయం. ఉంటే నిండు సంఘంలో అబద్ధమాడినట్టేనని ఇంకో భయం. విశ్వాసం చాలడం లేదని నేను కసిరాను. సిగ్గులేనిదాన్ని, భయమేస్తే ఇంకొకరి మీద అరుస్తాను.

గురువారం, చర్చి ఊడ్చే భాగ్య సంబరంగా మా ఇంటికొచ్చింది.

"అక్కా, నీ సాక్ష్యం విన్నంక నేను గూడ షుగర్ సూదులు బంద్ చేసిన. నాలుగు దినాలైంది. దేవుడు నన్ను ముట్టి బాగు చేసిండు," అంది.

ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చెంబుడు నీళ్లు తాగి మళ్లీ అడిగింది.

యూనీస్ అప్పటికప్పుడు భాగ్యను ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయింది. తన సాక్ష్యం నిజం కాదని దారంతా చెబుతూనే ఉందట. రెండు రోజులు సెలైన్ ఎక్కాక భాగ్య తేరుకుంది. ఆ రెండు రోజులూ మేమిద్దరం ప్రార్థన చేస్తున్నామనుకుంటూ వణికాం.

ఆదివారం సాక్ష్యాల వేళ యూనీస్ తనంతట తానే లేచింది. పరువు పోతుందని చెంగు పట్టి లాగాను. విడిపించుకుంది.

"పోయినవారం నేను చెప్పింది అబద్ధం. గడ్డ ఉన్నది. రిపోర్టు తెచ్చుకోలే, భయమైతుంది. ఎవ్వరు మందులు బంద్ చెయ్యకుండ్రి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టర్ రూఫస్ గారు అందరినీ ప్రార్థనకు తలలు వంచమన్నారు.

మర్నాడు ఇద్దరం ఆబిడ్స్ వెళ్లాం. కవరు చింపడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమే చింపి చదివింది. క్యాన్సరే. నేను ల్యాబ్ మెట్ల మీద కూలబడ్డాను. ఆమె పక్కన కూర్చుంది. అంతమంది ముందు నిజం ఒప్పుకున్నదానికి దేవుడిచ్చింది ఇదా అని నేను మండిపడ్డాను.

"గట్లనకు వదినా," అంది. "వారం సంది ఆయన దిక్కు చూడనీకి నాకు మొకం చెల్లలే. నిన్నటి సంది చూస్తున్న. భయం పోలే. భయంతోనే ఆయన దగ్గర కూసున్న. గది చాలు నాకు."

తర్వాత డాక్టరమ్మకు ఫోను చేసి, ఎప్పుడు రావాలో అడిగి, కవరు వెనక రాసుకుంది. ఇన్నేళ్లుగా పదిమందికి విశ్వాసం నేర్పినదాన్ని, నాకు ఏమని ప్రార్థించాలో తోచలేదు. నేర్పమని ఆమెనే అడిగాను.