మిగిలిన పదమూడు మైళ్ళు

ఐదేళ్ళుగా ఒక భాగహారాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

కరువు ఏడాది పాలమూరు జిల్లాలో బోర్లు వేయాల్సిన ఊళ్ళ జాబితా తయారుచేసే పని నాది. నియమం ఒకటే. నీళ్ళ కోసం ఇంటికి సగటున రెండున్నర మైళ్ళకు మించి నడిచే ఊరికి బోరు. హైదరాబాదులోని కంప్యూటరుకు ప్రోగ్రాం నేనే రాశాను. మొత్తం మైళ్ళను ఇళ్ళ సంఖ్యతో భాగించి, మెరక దారుల కోసం ఒక దశాంశ సంఖ్యతో గుణించాను. పూర్ణాంకం, దశాంశం ఎదురుపడితే యంత్రం పూర్ణాంకాన్ని తానే దశాంశంగా మార్చుకుంటుంది. అది నాకు తెలుసు. ఎప్పుడు మార్చుకుంటుందో ఆలోచించలేదు. ముందు జరిగే భాగహారంలో రెండూ పూర్ణాంకాలే. జవాబు కూడా పూర్ణాంకమే కావాలని అక్కడ శేషాన్ని పారేసింది. పారేశాకే మార్చుకుంది.

మక్తల్ దగ్గర ఒక గొల్లల గూడెం. పద్నాలుగు ఇళ్ళు, మొత్తం నలభై ఒక్క మైళ్ళు. దారి చదును, కాబట్టి ఒకటితో గుణకారం. కాగితం మీద 2.0 అని వచ్చింది.

జాబితా మీద సంతకాలయ్యాక గూడెం పెద్ద మల్లయ్య ఆఫీసుకు వచ్చాడు.

"మా పేరు లేకపాయె సారూ."

"మీకు రెండు మైళ్ళే వచ్చింది పెద్దయ్యా. మిషన్ లెక్క, తప్పు రాదు."

"మూడుకు జర తక్కువ నడుస్తున్నం. రెండెట్లయితది? మీ మిషన్ ఎన్నడన్న బిందె మోసిందా?" నవ్వాడు. "మేం గొర్లను లెక్కబెడితే ఇరవైకొక రాయి పక్కకు పెడ్తం. ఆఖరుకు పందొమ్మిదే మిగిలినయనుకో. రాయికి సాలలేదని గవాటిని అడివిల ఇడిసి వస్తమా?"

అతను వెళ్ళగానే ప్రోగ్రాం చిల్లులు పొడిచిన కార్డులు తీశాను. తప్పు దొరికింది. ఊళ్ళన్నీ మళ్ళీ సరిచూశాను. తప్పిపోయింది ఆ ఒక్క గూడెమే. పైవాళ్ళకు ఒక ఉత్తరం రాస్తే చాలు.

రాయలేదు. ఎందుకు? ఉద్యోగం పోతుందన్న భయమా? కాదు. ఈ వయసుకే కంప్యూటరు తెలిసినవాడినని నాకొక పేరుంది, ఆ పేరు మీద ఒక్క మరక పడటం నాకు ఇష్టం లేకపోయింది, అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకదు. ఒక కార్డు మార్చాను. తర్వాతి జాబితాలన్నీ సరిగ్గానే వచ్చాయి.

ఆ ఎండాకాలం గూడెం వాళ్ళు గొర్రెలు అమ్ముకున్నారు. వానలు పడేసరికి తొమ్మిది ఇళ్ళకు తాళాలు. మల్లయ్య ఎటు పోయాడో నేను అడగలేదు.

నలభై ఒకటిని పద్నాలుగుతో భాగిస్తే రెండు, శేషం పదమూడు. యంత్రం దాన్ని నియమం ప్రకారం పారేసింది. నేను తెలిసి పారేశాను. ఇన్నాళ్ళకు ఆ అంకెను కాగితం మీద పెట్టాను. అంతే.