అవ్వకు ఉలవల సూపు

అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. మా అవ్వకు మిగిలిన పళ్లన్నీ చలికాలం మొదట్లోనే తీయించాం. చిగుళ్లు మానితే గానీ కట్టుడు పళ్లు పెట్టమని దవాఖానలో చెప్పారు. అవ్వ ఉండేది దేవరుప్పులలో తమ్ముడి దగ్గర; వాడూ మరదలూ పొద్దున్నే కూలికి వెళ్లిపోతారు. అందుకని అన్నాళ్లూ నా దగ్గరే ఉండమని చిట్యాల దగ్గరున్న మా ఊరికి తీసుకొచ్చాను.

అవ్వ జొన్నరొట్టె లేకుండా కడుపు నిండని మనిషి. జొన్నరవ్వతో గటక కాచినా, పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టినా నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని గిన్నె పక్కకు జరిపేది. చూస్తుండగానే రవిక భుజాల మీద వదులైపోయింది. ఇలా అయితే పళ్లొచ్చేనాటికి మనిషి మిగలదనిపించింది. సూపు కాచి తాగించాలనుకున్నాను. మా ఆయన దుకాణం నుంచి పొడి ప్యాకెట్ తెచ్చాడు. అవ్వ వాసన చూసి మొహం తిప్పుకుంది.

దాంతో నేనే ఉలవలు ఉడకబెట్టి, ఆ నీళ్లలో చింతపండు రసం, కారం వేసి కాచాను. ఒక్క గుక్క తాగగానే అవ్వ దవడ పట్టుకుని కూర్చుంది. పచ్చి చిగుళ్లకు ఆ పులుపు, ఆ కారం ఎంత మండుతాయో నాకు తట్టనే లేదు. సాయంత్రం, తమ్ముణ్ని పిలిపించమనీ ఇంటికి వెళ్లిపోతాననీ అంది. పంపనని చెప్పేశాను.

మర్నాడు ఊరి పక్క తండాకు వెళ్లాను. అక్కడ ఒక ముసలామె మా చేనులో పత్తి ఏరడానికి వస్తుంటుంది. తన ఇంటి కోసం కాసిన్ని ఉలవలు పండిస్తుంది, కొట్టం మీదికి గుమ్మడి పాకిస్తుంది. సంగతి చెప్పగానే ఉలవలు తువ్వాలలో మూటగట్టి, ఒక గుమ్మడికాయ కోసిచ్చింది.

"వీటికి మందు కొట్టలే బిడ్డా. మేం తినేటియే గివి," అంది.

ఉలవలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే వాకిట్లో కట్టెల పొయ్యి మీద పెట్టాను. గింజ వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించి నీళ్లు వంచుకున్నాను. అందులో గుమ్మడి ముక్కలు, గుప్పెడు మునగాకు, అల్లం, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి మళ్లీ ఉడికించాను. అంతా మెత్తగా మెదిపి, పిప్పి లేకుండా వడకట్టి, ఉప్పు వేసి, జీలకర్రతో నెయ్యి తాలింపు పెట్టాను. మిరపకాయ ముట్టలేదు. గోరువెచ్చగా ఆరనిచ్చి గిన్నె అవ్వ చేతికిచ్చాను.

"ఎడ్లకు పెట్టేటియి నాకు పెడ్తున్నవా?" అంది.

"గా ఎడ్లు ఎంత బలంగ ఉండెనో నీకెరుకే గదా. తాగు," అన్నాను.

నా వైపు చూడకుండా సగం గిన్నె తాగింది. ఉప్పు తక్కువైందని గొణిగింది. వెంటనే ఉప్పు వేసి మిగతాదీ తాగించాను.

ఇక రోజూ అదే పని. పత్తి ఏరే రోజులు కావడంతో మా ఆయన ఒక్కడే కూలీలతో చేనుకు వెళ్లేవాడు, చిరాకు పడేవాడు. నేను పొయ్యి దగ్గరి నుంచి కదల్లేదు. ఒక్కోరోజు గుమ్మడికి బదులు పెరట్లో కాసిన సొరకాయ వేసేదాన్ని. కొన్నిసార్లు అవ్వ మధ్యాహ్నం దాకా గిన్నె ముట్టుకునేది కాదు. మళ్లీ వేడిచేసి తెచ్చి, ఎదురుగా కూర్చునేదాన్ని. బాగుందని ఒక్కసారీ అనలేదు. కానీ మెల్లగా లేచి ఎండలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెట్టింది. బుగ్గలు కాస్త నిండాయి.

చలి తగ్గాక పళ్లు పెట్టించాం. ఇంటికి రాగానే జొన్నరొట్టె, అందులోకి నూరిన పచ్చిమిరపకాయ తొక్కు అడిగింది. రొట్టె చిన్న చిన్న తునకలు చేసుకుని, చాలాసేపు నమిలి, మొత్తం తినేసింది. నాకు సంతోషం వేసింది, కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. రేపు సూపు కాయనా అని అడిగాను.

"కాయి. ఇగ నువ్వు తాగు బిడ్డా," అంది అవ్వ. "నా ఎంబడి పడి నువ్వే సన్నగైనవ్."