మూత లేని చెంబు

నా చిన్నప్పుడు, శంషాబాద్ పక్కన ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో, మా ఊళ్ళో నడక అనేది మెల్లమెల్లగా మాయమైపోయింది. అంతకుముందు మావాళ్ళు చేనుకు పోయినా సంతకు పోయినా, దారిలో కనబడ్డ మనిషితో నిలబడి మంచిచెడ్డా మాట్లాడి ఆ తర్వాతే కదిలేవాళ్ళట. నాకు తెలివి వచ్చేసరికి అందరూ ఉరుకుతున్నారు. ప్లాట్లు చూపించేవాళ్ళు, కార్లు నడిపేవాళ్ళు, భూములు పోయి డ్యూటీల్లో చేరినవాళ్ళు, అందరిదీ నిద్ర లేచింది మొదలు ఉరుకుడే. మా ఇల్లూ అంతే. జొన్నలు, ఆముదాలు పండే మా చెలక పోయింది. మా బాపు కారు కొని కిరాయికి తిప్పేవాడు. మా అమ్మ ఎయిర్‌పోర్టులో ఊడ్చి తుడిచే పనికి కుదిరింది. ఇంట్లో ఉరకని ప్రాణులు రెండే, ఒకటి మా నాయనమ్మ, ఇంకొకటి ఆమె బర్రె.

మా ఊరికీ మిగతా లోకానికీ నడుమ ఒక రోడ్డు ఉండేది. నేను పుట్టిన నాడు అది ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సినంత సన్న రోడ్డట. తర్వాత దాన్ని వెడల్పు చేసి, నడుమ గట్టు కట్టి, గట్టు మీద గన్నేరు చెట్లు పెట్టారు. చూడ్డానికి అందంగానే ఉండేది. కానీ మా ఇళ్ళు ఇటుపక్క, మా బడి అటుపక్క. ఎయిర్‌పోర్టు పనివాళ్ళను తీసుకుపోయే డ్యూటీ బస్సు ఆగేదీ అటుపక్కనే. దాటడానికి దారంటూ ఎవరూ పెట్టలేదు. అటూ ఇటూ చూసి, సందు దొరికితే ఉరకడమే.

మా అమ్మ అలా ఉరుకుతూనే పోయింది. పొద్దున పూట, బస్సు అటుపక్క నిలబడి హారన్ కొడుతోంది. ఆ బస్సు ఎవరి కోసమూ ఆగేది కాదు. తప్పిపోతే ఆ రోజు పని లేదు, మాటిమాటికీ తప్పిపోతే కాంట్రాక్టరు ఇంకో మనిషిని పెట్టుకుంటాడు. అమ్మ సగం రోడ్డు దాటి గట్టు ఎక్కింది. బస్సునే చూస్తూ అటు దిగింది. ఆమెను గుద్దిన కారు ఎవరిదో, అందులోవాళ్ళు ఏ విమానం అందుకోవాలని పోతున్నారో మాకు తెలియదు. వాళ్ళూ తొందరలోనే ఉండి ఉంటారు. నేను కళ్ళతో చూడలేదు, బస్సులో కూర్చున్న ఆడవాళ్ళందరూ చూశారు. ఒక్క నిమిషం ఆగని ఆ బస్సు ఆ రోజు మధ్యాహ్నం దాకా అక్కడే ఆగి ఉంది. నన్ను ఎవరో చంకనేసుకుని తీసుకుపోయేసరికి అమ్మ మీద దుప్పటి కప్పారు. నాకు గుర్తున్నది ఆ దుప్పటి కాదు, కిటికీల్లోంచి చూస్తున్న ఆ ఆడవాళ్ళ ముఖాలు.

ఆ తర్వాత మా బాపు మళ్ళీ కారు తాళం ముట్టలేదు. కారు వాకిట్లోనే దుమ్ము పట్టి, టైర్లు నేలకు అంటుకుపోయి, ఆఖరికి ఎవరో వచ్చి లాక్కుపోయారు. బాపు తెల్లారగానే కల్లు దుకాణం దారి పట్టేవాడు. తలొంచుకుని, అడుగు మీద అడుగు వేసుకుంటూ పోయేవాడు. మా ఇంట్లో తొందర మానుకున్న మొదటి మనిషి ఆయనే అనుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది.

నాయనమ్మకు ఇక మిగిలింది నేను. నేనేమో ఉరుకుతూనే ఉన్నాను. అమ్మ పోయిన రోడ్డే అయినా పిల్లల కాళ్ళకు ఆ సంగతి గుర్తుండదు. పక్కింటి పిల్ల, నేను, మా వాడకట్టు పిల్లలు కొందరం చేతులు పట్టుకుని నిలబడేవాళ్ళం. ఒకరు “ఇగ పా” అనగానే ఒక్కటే పరుగు. నాయనమ్మ బతిమాలింది. నా చేత అమ్మ మీద ఒట్టు వేయించుకుంది. బాపు ఒకసారి బర్రె తాడు తీసుకుని కొట్టాడు. కొట్టిన రోజు నడిచాను, తెల్లారితే మళ్ళీ మామూలే. కొన్నాళ్ళు ఆమే నా చెయ్యి పట్టుకుని దాటించింది. మోకాళ్ళు పట్టుకుపోయిన మనిషి, సగం రోడ్డులో నేనే ఆమెను గుంజుకుపోయేదాన్ని. బడి మాన్పించి ఇంట్లో పెట్టుకోమని చుట్టాలు అన్నారు. పిల్ల సదువుకోవాలని దాని తల్లికి ఉండె, నేనెట్ల మాన్పిస్త అని ఆమె వినలేదు. మాన్పించలేదు, మరి పంపితే సాయంత్రం దాకా ప్రాణం నిలవదు. ఆ దినాల్లో ఆమె మొఖం చూసినవాళ్ళు ఎవరైనా చెబుతారు, ఆమె అన్నం తినడం మరిచిపోయిందని.

ఒక పొద్దున నేను సంచి తగిలించుకుని గడప దిగుతుంటే, ఇత్తడి చెంబు ఒకటి నా చేతుల్లో పెట్టింది. అప్పుడే పిండిన పాలు, అంచు దాకా ఉన్నాయి. బడి పక్కనున్న టీ హోటల్లో ఇచ్చి పొమ్మంది. మూత ఏదని అడిగితే, పోయిందంది.

“సుక్క కింద పడ్డా హోటలాయన నాకు చెప్తడు. మన పాలు వద్దంటడు. ఆయన వద్దంటే ఇగ బర్రెను అమ్ముడే,” అంది.

ఆ బర్రెను దూడగా ఉన్నప్పుడు మా అమ్మ తన పుట్టింటి నుంచి తోలుకొచ్చింది. అమ్మ పేరు పెట్టి పిలిస్తే చెవులు ఆడించేది, ఇంకెవరు పిలిచినా పలికేది కాదు. దాన్ని అమ్ముతారంటే నేను ఊరుకుంటానా. రెండు చేతులతో చెంబు పట్టుకుని బయల్దేరాను.

నిండు కుండ తొణకదంటారు. ఆ మాట అన్నవాళ్ళు చెంబు పట్టుకుని మా రోడ్డు దాటి ఉండరు. చెంబునే చూస్తే కాలికి రాయి తగులుతుంది, కాలు చూసుకుంటే చెంబు ఒరుగుతుంది. ఊపిరి గట్టిగా తీసినా పాలు కదులుతాయి. మొదటి రోజు నేను రోడ్డు దగ్గరికి చేరేసరికే మావాళ్ళందరూ అటు దాటేశారు. పక్కింటి పిల్ల అటునుంచి కేక వేసింది.

“ఏమే పాలపిట్టా, ఆడ గుడ్లు పొదుగుతున్నవా?”

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుందామన్నా చేతులు ఖాళీ లేవు. రోడ్డు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నిలబడటం తప్ప గతి లేదు. నిలబడ్డాను.

అలా రోజూ నిలబడగా నిలబడగా, అంతకుముందు ఎన్నడూ చూడనివి కనబడటం మొదలుపెట్టాయి. కంకర టిప్పర్ వస్తుంటే చెవికంటే ముందు అరికాళ్ళకు తెలుస్తుంది. కారు అట్లా కాదు, మీదికి వచ్చేదాకా చప్పుడు చెయ్యదు. పెద్ద బండి వెనకాల చిన్న బండి దాగి ఉంటుంది. కార్లు నడిపేవాళ్ళ కళ్ళు కూడా కనబడేవి, రాత్రంతా నిద్ర లేక ఎర్రగా, మా బాపు కళ్ళు ఒకప్పుడు ఉన్నట్టే. గట్టు మీదికి చేరాక అక్కడ ఇంకోసారి ఆగేదాన్ని. గన్నేరు చెట్ల నడుమ నిలబడి, అమ్మ దిగింది ఇక్కడేనా, ఇంకొంచెం అవతలా అనుకునేదాన్ని. ఎవరూ నాకు చూపించలేదు, నేను అడగలేదు. ఉరికినన్నాళ్ళూ ఆ ఆలోచన ఒక్కసారీ రాలేదు. నిలబడితేనే వచ్చింది. అమ్మ పోయిన అన్నాళ్ళకు, చెంబు చేతుల్లో పెట్టుకుని, గట్టు మీద నేను మొదటిసారి అమ్మ కోసం ఏడ్చాను. ఆగితే దుఃఖం అందుకుంటుందనే మా ఊరంతా అట్లా ఉరికిందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

టీ హోటలాయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. మెత్తగా మాట్లాడేవాడు. చెంబు అందుకుని, వెలుతురుకు వంచి చూసి, “మీ నాయనమ్మగారికి చెప్పమ్మా, ఇవాళ చుక్క కూడా తగ్గలేదని,” అనేవాడు. పాలు ఒక గిన్నెలోకి వంచుకుని, చెంబు కడిగి పెట్టేవాడు. సాయంత్రం నేను ఖాళీ చెంబుతో ఇంటికి వచ్చేదాన్ని. ఖాళీ చెంబయినా అప్పటికి నా కాళ్ళకు ఆగడం అలవాటైపోయింది.

వానాకాలం, చలికాలం అలాగే గడిచిపోయాయి. ఎండలు ముదిరి ఒంటిపూట బళ్ళు మొదలయ్యాయి. మొదటి రోజు ఆ సంగతి ఇంట్లో చెప్పడం మరిచిపోయాను. మధ్యాహ్నం బడి వదలగానే రోడ్డు మీదికి వచ్చేసరికి, ముందు ఒక ముసలామె హోటల్లోంచి దిగి మెల్లగా రోడ్డు వైపు పోతోంది. కొంగు నెత్తిన కప్పుకుని ఉంది. నడక చూసి పోల్చుకున్నాను, మా నాయనమ్మ. చేతిలో గిన్నె ఉంది. గిన్నె మీద పోయిందన్న మూత ఉంది.

పిలుద్దామని నోరు తెరిచాను. అప్పటికే ఆమె రోడ్డు మీదికి కాలు పెట్టింది. పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తుంది. నోరు మూసుకున్నాను. ఆమె ఎండలో అడుగడుగు తీస్తూ పోతోంది. ఆ మోకాళ్ళతో ఉరకలేదు, ఏదైనా బండి వస్తే తప్పుకోలేదు. ఇంతలో అరికాళ్ళ కింద నేల అదిరింది. టిప్పర్ ఒకటి మా ఇద్దరి నడుమ నుంచి పోయింది. ఆ బండి ఎంత పొడుగో, అది దాటడానికి ఎంత సేపు పట్టిందో చెప్పలేను. దుమ్ము లేచింది. దుమ్ములో ఏమీ కనబడలేదు. నేను కదలకుండా నిలబడ్డాను. ఆ నిలబడటం కంటే కష్టమైన పని ఈ బతుకులో నేను మళ్ళీ చేయలేదు. దుమ్ము అణిగాక గట్టు మీద ఆమె కనబడింది, గిన్నెను పొట్టకు అదుముకుని, అటువైపు బండ్లు తగ్గేదాకా చూస్తోంది.

ఆమె దాటాక నేను దాటాను. ఇంటికి పోయేసరికి పాలు పొయ్యి మీద పెట్టి, గరిటెతో తిప్పుతూ కూర్చుని ఉంది. హోటలాయనకు మన పాలు అక్కర్లేదా అని అడిగాను. తలెత్తి నన్ను చూసింది. దాచలేదు.

“ఆయనకెందుకు బిడ్డా, పాకీట్ల పాలు వాడుకుంటడు. జర నా పిల్ల కోసం తీసి పెట్టు అయ్యా అంటే, పాపం, పెడుతుండు,” అంది.

నాకు కోపం వచ్చింది. నాతో ఇన్నాళ్ళూ అబద్ధం ఆడావు, పిల్లలందరూ నన్ను పాలపిట్ట అని నవ్వారు, పైగా నువ్వు రోజూ ఆ రోడ్డు దాటుతున్నావు, నీకు ఏమన్నా అయితే నాకు ఎవరున్నారు అని అరిచాను. ఆమె అంతా విన్నది.

“నా మాటకు ఆగకపోతివి. పాలకు ఆగినవ్. ఎట్లయితేంది, ఆగినవ్ గద,” అంది.

చేతిలోని గరిటె కింద పెట్టింది. తర్వాత నా వైపు చూడకుండా, పొయ్యి వైపు చూస్తూ చెప్పింది.

“మీ అమ్మ ఆ దినం సద్ది గట్టుకుంటున్నది. అన్నం ఇంక పొగలు గక్కుతనే ఉన్నది. నేను గీడనే, గీ పీట మీదనే కూసున్న. బస్సు హారన్ ఇనబడ్డది. నేనే అన్న బిడ్డా. ఉరుకవే, బస్సు పోతది, జల్ది ఉరుకు అని. సద్ది గిన్నె ఆడనే ఇడిసిపెట్టి ఉరికింది.”

బాపుకు తెలుసా అని అడిగాను. లేదని తల ఊపింది. ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె మళ్ళీ గరిటె తీసుకుని పాలు తిప్పడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున చెంబు నేనే ముందుకు చాపాను. పాలు వద్దు, నీళ్ళు పొయ్యమన్నాను, నువ్వు మాత్రం రోడ్డు మీదికి రావొద్దన్నాను. ఆమె అంచు దాకా పోసింది. ఆ నీళ్ళు మోసుకుపోయి బడి ముందున్న వేపమొక్కకు పోసేదాన్ని. ఆ మొక్క బతకలేదు. మరుసటేడు రోడ్డును ఇంకొంత వెడల్పు చేశారు, అందులో పోయింది. నా చదువు కూడా ఎంతో దూరం సాగలేదు. బాపు కల్లుకే అయిపోయాడు. తెలంగాణ వచ్చిన ఏడు వానాకాలంలో నాయనమ్మ పోయింది. ఆ మాట నాకు తప్ప ఎవరికీ చెప్పకుండానే పోయింది.

ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు. మా ఆయనా ఎయిర్‌పోర్టుకు కారే నడుపుతాడు. ఆయన అన్నం ముందు కూర్చున్నాక ఫోన్ మోగుతుంది, అవతల మనిషి విమానం పోతుందని అరుస్తుంటాడు. వాకిట్లో బడి ఆటో హారన్ కొడుతుంటుంది, పిల్లకు చెప్పు దొరకదు. మా అత్తమ్మ లోపల్నుంచి, ఈ ఇంట్లో ఒక్కరినీ తరమడం నీకు చేతకాదు, ఎంత మెత్తదానివే అంటుంది. నిజమే, అంటే పడతాను. ఆటో పోతే పోతుంది, పిల్లను నడిపించి దిగబెట్టి వస్తాను. కిరాయి పోతే ఇంకో కిరాయి వస్తుంది. కానీ గడప దాటే మనిషిని వెనకనుంచి ఉరుకు అని మాత్రం నేను అనను. ఒక్కసారి అన్న మనిషి ఆ తర్వాత ఎట్లా బతికిందో దగ్గరుండి చూశాను.